నాలా పూడిక: తీసేదెవరు, తీసుకునేదెవరు?

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ గుట్టల మీద కురిసిన వాన అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా హుస్సేన్‌సాగర్ వైపు దిగుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో మూసీ ఉపనదిపై నిర్మించిన ఆ చెరువు మిగులు నీరు నేటికీ మూసీలోనే కలుస్తుంది. కనుక అమీర్‌పేట మైత్రీవనం వద్ద నిలిచే వాననీరు రోడ్డు సమస్యగా కనిపించినా, నిజానికి అది నదీ పరీవాహక ప్రాంత సమస్య.

ఏటవాలున వేగంగా దిగే నీరు మట్టిని, ఇసుకను మోసుకొస్తుంది. వాలు తగ్గిన చోట వేగం తగ్గి, బరువైన రేణువులు అక్కడే దిగబడతాయి. అమీర్‌పేట అటువంటి చోటనే ఉన్నది. పునాదుల తవ్వకపు మట్టి, కట్టడ వ్యర్థాలు, ప్లాస్టిక్ దానికి తోడవుతున్నాయి.

బాధ్యత ఎవరిదంటే, కాగితం మీద సమాధానాలకు కొదవ లేదు. వరద నాలాలు నగరపాలక సంస్థవి. మురుగు గొట్టాలు జలమండలివి. హుస్సేన్‌సాగర్ నిర్వహణ హెచ్‌ఎండీఏది. మూసీ అభివృద్ధికి 2017లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2024 జూలైలో హైడ్రా వచ్చింది. గుట్ట మీది నీరు నదికి చేరేలోగా ఇందరి హద్దులు దాటుతుంది. మురుగు, వాననీరు ఒకే నాలాలో పారుతున్నచోట ఈ హద్దులు నీటికి తెలియవు.

గ్రామాలలో ఈ చిక్కు కొంత వేరుగా తీరింది. చెరువును కట్టి, కాపాడినవారికి దశబంధం ఇనాముగా భూమిగానీ రాబడిలో వాటాగానీ దక్కేది. తూములను నీరటి చూసుకునేవాడు. అన్నిటికంటె ముఖ్యం, పూడికను తీసుకునే చేయి ఉండేది. వేసవిలో రైతులే దానిని బండ్ల మీద చెలకలకు తోలుకునేవారు. ఆ ఒండ్రులోని బంకమన్ను తేలిక నేలల్లో తేమను నిలుపుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఈ అలవాటునే ఆసరా చేసుకున్నది.

నగర నాలా పూడికకు అటువంటి గిరాకీ లేదు, ఉండరాదు కూడా. మురుగుతో, గాజు పెంకులతో, భార లోహాల ప్రమాదంతో కూడిన ఆ మట్టిని పరీక్షించకుండా పొలానికే కాదు, నర్సరీకి సైతం సిఫారసు చేయలేము. ఫలితంగా అది ఒడ్డున కుప్పగా మిగిలితే తరువాతి వాన దానిని తిరిగి నాలాలోకే నెడుతుంది. అందువల్ల పూడికతీతను తవ్విన ఘనపు మీటర్లలో గాక, సురక్షిత స్థలానికి చేర్చిన ఘనపు మీటర్లలో కొలవవలసి ఉన్నది. ఆ స్థలం ఎక్కడో గుత్తేదారు కాక ఒప్పందమే నిర్ణయించాలి. తరలింపునకు ముందే సీసం, కాడ్మియం, క్రోమియం పరీక్షలు జరిపే పనిలో వ్యవసాయ ప్రయోగశాలలు పాలుపంచుకోవచ్చు. ఇంతవరకు ఇది ఇంజనీర్ల పనిగానే మిగిలిపోయింది.

అమీర్‌పేటలో తీయని పూడిక హుస్సేన్‌సాగర్ అడుగుకు చేరవచ్చు; నీటిలో కరిగినది, తేలియాడేది మూసీ దాకా పోగలదు. పీర్జాదిగూడ దిగువన అదే మూసీ నీటితో వరి, పారాగడ్డి సాగయ్యాయి. ఆ గడ్డి నగరంలోని పాడి పశువులకే మేతగా వచ్చింది.