శ్రుతి దించితే పరువు పోదు
కరోకే పాట: అపోహలు – వాస్తవాలు

కార్తీకమాసం వచ్చిందంటే కోనసీమ కొబ్బరితోటల్లో వనసమారాధనలు మొదలవుతాయి. ఒకప్పుడు భోజనాలయ్యాక పేకాటో అంత్యాక్షరో నడిచేది. ఇప్పుడు విస్తళ్ళు ఎత్తకముందే స్పీకరు బాక్సు, రెండు కార్డ్‌లెస్ మైకులు దిగిపోతున్నాయి. అమలాపురంలో రిటైర్మెంటు ఫంక్షనైనా, రాజోలులో పూర్వ విద్యార్థుల కలయికైనా, కొత్తపేటలో షష్టిపూర్తయినా ‘ఒక పాటందుకోండి మాస్టారూ’ అన్న పిలుపు తప్పదు. పిలుపు వెనకే సలహాలూ వస్తాయి. వాటిలో కొన్ని గొంతుకి చేటు, కొన్ని పాటకి చేటు, మిగిలినవి ఊరికే భయం పెంచేవి.

అపోహ: పాట పుట్టుకతోనే రావాలి

ఈ మాటకి మనవాళ్ళు చప్పున చూపించేది మంగళంపల్లి బాలమురళీకృష్ణని. 1930లో రాజోలు సీమలోని శంకరగుప్తంలో పుట్టారు, ఎనిమిదేళ్ళకే విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారు. నిజమే. కానీ ఆ కచేరీ వెనక తండ్రి పట్టాభిరామయ్య సంగీతం, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిక్షణ ఉన్న సంగతి చెప్పడం మరిచిపోతారు. రెండో కొసన ఎస్పీ బాలు ఉన్నారు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే చెప్పుకునేవారు. అలాంటాయన ‘శంకరాభరణం’ పాటలకి జాతీయ పురస్కారం అందుకున్నారంటే, సంగీత దర్శకుడు మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని ఒక్కో సంగతీ వంట పట్టించుకోబట్టే. ఇద్దరూ సాధన చేసి పాడినవాళ్ళే.

‘నాకసలు శ్రుతిజ్ఞానమే లేదండీ’ అని తప్పుకునేవాళ్ళూ ఉన్నారు. స్వరాల తేడా చెవికి నిజంగానే అందని పరిస్థితి ఒకటుంది. అది నూటికి నలుగురికి మించి ఉండదని పాత అంచనా, కొత్త లెక్కలు ఇంకా తగ్గించాయి. పక్కాయన అపశ్రుతి పాడుతుంటే మీ మొహం చిట్లిందంటే మీ చెవి భేషుగ్గా ఉన్నట్టే. చెవి విన్న చోటుని గొంతు అందుకోలేకపోతోంది, అంతే. దానికి మందు ఫోన్లో రికార్డు చేసుకుని వినడం. మొదటిసారి ‘ఇదా నా గొంతు!’ అని రోత పుడుతుంది. మామూలుగా మన గొంతు మనకి పుర్రె ఎముకల గుండా కూడా చేరి గంభీరంగా వినిపిస్తుంది. ఫోను గాలిలో వచ్చినదాన్నే పట్టుకుంటుంది. జనం రోజూ వింటున్నది ఆ ఫోన్లోని గొంతునే, ఎవరూ పారిపోలేదు.

అపోహ: ఒరిజినల్ శ్రుతిలో పాడితేనే పాడినట్టు

నా లెక్కలో కరోకే వేదిక మీద జరిగే అనర్థాల్లో సగం దీని పుణ్యమే. శ్రుతి తగ్గించమని మైక్ సెట్ అబ్బాయికి చెప్పడం నామోషీ అనుకుంటారు. పల్లవి హాయిగా సాగుతుంది. చరణంలో పైస్థాయి వచ్చేసరికి మెడ నరాలు బిగుస్తాయి, మైకు దూరం జరుగుతుంది, పాట అరుపులోకి దిగుతుంది. ‘భయమేసి పాడలేకపోయాను’ అంటారు తర్వాత. ఆ భయం జనాన్ని చూసి వచ్చింది కాదు, రాబోయే చరణాన్ని తలుచుకుని వచ్చింది.

సినిమా పాట శ్రుతి ఆ గాయకుడి గొంతు ఎక్కడ మెరుస్తుందో చూసి సంగీత దర్శకుడు పెట్టుకున్నది. కచేరీల్లో చూడండి. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర, ఆరు. ఒకే త్యాగరాజ కీర్తనని ఎవరి శ్రుతిలో వాళ్ళు పాడుకుంటారు. త్యాగయ్య పరువుకి ఇంతవరకు ఏ లోటూ రాలేదు.

అసలు కరోకే పుట్టిందే పాడేవాడికి అనువుగా. జపాన్‌లోని కోబే నగరంలో ఇనోవే డైసుకే బార్లలో పాడే కస్టమర్ల వెనక వాయించేవాడు. ఒక కంపెనీ యజమాని తనతో ఊరు రమ్మంటే వెళ్ళలేక, ఆయన పాడే తీరుకి తగ్గట్టు వాయించి టేపు చేసిచ్చాడు. 1971లో ఆ ఆలోచనే యంత్రమైంది. పేటెంటు మాత్రం తీసుకోలేదు పాపం. 2004లో ‘ఇగ్ నోబెల్’ వాళ్ళు సరదాగా శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట! వనసమారాధనలకి వెళ్ళేవాళ్ళకి ఇందులో అతిశయోక్తి కనిపించదు.

ఇప్పుడు యాప్‌లోనో మిక్సర్‌లోనో ఒక మీట నొక్కితే శ్రుతి దిగిపోతుంది. ఒక్కో మెట్టు, అంటే అర స్వరం, దించితే కంపనాలు సుమారు 6 శాతం తగ్గుతాయి. సెకనుకు 440 కంపనాలుండే స్వరం రెండు మెట్లు దిగితే 392 దగ్గర ఆగుతుంది. క్యాసెట్లో శ్రుతి తగ్గాలంటే పాటే నీరసించేది; ఇప్పుడు వేగం మారదు. రెండు మూడు మెట్ల వరకు వినేవాళ్ళు గుర్తుపట్టలేరు. ఐదారు మారిస్తే వాయిద్యాలు బొంగురుపోతాయి.

ఎన్ని మెట్లన్నది పల్లవితో తేల్చకండి. చరణంలో అన్నిటికంటే పైకి వెళ్ళే ముక్క ఏదో చూసి, ముందు అదొక్కటే పాడండి. గడ్డం పైకి లేవకుండా, మాట స్పష్టంగా పలుకుతుంటే అదే మీ శ్రుతి. తర్వాత కిందిస్థాయి మాటలు గాలిలో కలిసిపోకుండా వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఫోన్లో పాట పేరు పక్కన ‘మైనస్ 2’ అని రాసి పెట్టుకోండి. యుగళగీతంతోనే చిక్కు. బావగారి కోసం దించితే చెల్లెమ్మ గొంతు కింద పాతాళంలో పడుతుంది. అక్కడ ఇద్దరూ ముందుగా కలిసి పాడి చూసుకుని, మధ్యే మార్గానికి రాజీ పడాలి, లేదా వేరే పాట ఎంచుకోవాలి.

అపోహ: కరక్కాయ, పచ్చి గుడ్డు, కాకపోతే ఒక పెగ్గు

మింగింది ఏదీ స్వరతంత్రుల మీద పడదు. అన్నం దారి వేరు, గాలి దారి వేరు. పొరపాటున పడితే పొలమారి దగ్గు తెప్పిస్తుంది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే, మిరియం నమిలితే లాలాజలం ఊరి హాయిగా ఉంటుంది. ఆ హాయిని నేను కాదనను, గొంతు మారిపోతుందంటేనే పేచీ. నీళ్ళు కూడా ఒంటికి పట్టాకే స్వరతంత్రులకి అందుతాయి. కాబట్టి వేదిక ఎక్కేముందు గటగటా సీసా ఖాళీ చేయడం కాదు, పొద్దుట్నుంచీ తాగుతూ ఉండాలి. పెగ్గు సంకోచాన్ని కాస్త సడలిస్తుంది. దాంతోపాటే తాళం మీద పట్టునీ, తప్పు పాడుతున్నానని కనిపెట్టే చెవినీ సడలిస్తుంది. తాగినవాళ్ళందరికీ తమ పాట అద్భుతంగా ఉండడానికి కారణం ఇదే.

నిజంగా పనికొచ్చేది బొండం తాగిన స్ట్రా. దాన్ని పెదాల మధ్య పెట్టుకుని, గాలి దాని గుండానే పోయేలా ‘ఊఁ’ అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి నాలుగైదు నిమిషాలు స్వరం జారించండి. స్ట్రాలో ఎదురొత్తిడి వల్ల స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండానే వేడెక్కుతాయి. అమెరికాలో స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిది. గట్టిగా దగ్గి గొంతు సవరించుకోవడం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అన్నట్టు, మీ పాట భోజనాల ముందే పెట్టించుకోండి. గారెలు, పులిహోర, బొబ్బట్లు దట్టించిన పొట్ట మీద ఊపిరి లోతుగా దిగదు.

అపోహ: ‘ఎకో పెంచండి బాబూ, అంతా సర్దుకుంటుంది’

కొంచెం ఎకో గొంతుకి నిగారింపునిస్తుంది. ఎక్కువైతే ముందు మాట తోక వెనక మాట మీద పడి సాహిత్యం గుజ్జవుతుంది. అపశ్రుతి మాత్రం దాక్కోదు, రెండుసార్లు వినిపిస్తుంది.

మైకు కుయ్యిమంటే దాని తలని గుప్పిట్లో మూసేవాళ్ళు చాలామంది. దాంతో కూత పెరుగుతుంది. ఆ తల మీది జాలీ పక్క రంధ్రాలు వెనక నుంచి వచ్చే ధ్వనిని తగ్గించడానికే ఉన్నాయి. వాటిని మూస్తే మైకు నలువైపులా వినడం మొదలుపెడుతుంది. పిడి పట్టుకోండి, బాక్సుల ముందుకి వెళ్ళకండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. షామియానాల్లో బాక్సులన్నీ జనం వైపే తిరిగి ఉంటాయి. మనకి వినిపించేది దూరం నుంచి వచ్చిన ధ్వని. అది సెకనుకు దాదాపు 350 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి, 17 మీటర్ల అవతలి బాక్సు నుంచి వచ్చే తాళం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. దాని వెంట పడి పాడితే పాట లాగినట్టు అవుతుంది. చిన్న బాక్సు ఒకటి మీ వైపు తిప్పి పెట్టమని అడగండి. నా దృష్టిలో సగం ధైర్యం అందులోంచే వస్తుంది.

అపోహ: మంచి గాయకులకి భయం ఉండదు

అమెరికా గాయని బార్బరా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పాడుతూ మాటలు మరిచిపోయారు. ఆ దెబ్బకి దాదాపు 27 ఏళ్ళు టిక్కెట్టు కచేరీలకి దూరంగా ఉండిపోయారు. కాబట్టి భయపడే మీరు మంచి సాంగత్యంలోనే ఉన్నారు.

‘ప్రశాంతంగా ఉండు’ అనే సలహా కూడా పెద్దగా పనిచేయదు. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో మనుషుల చేత కరోకే ఆట యంత్రం ముందు పాడించారు. పాడేముందు ‘నాకు ఆందోళనగా ఉంది’ అని పైకి అన్నవాళ్ళ పాట ఖచ్చితత్వం 53 శాతం దగ్గర, ఏమీ అననివాళ్ళది 69 దగ్గర, ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అన్నవాళ్ళది 80 దగ్గర తేలింది. గుండె దడ మూడు గుంపులకీ ఉంటుంది; దానికి పెట్టుకున్న పేరే వేరు.

అపోహ: తెర మీద మాటలున్నాయిగా!

ఉన్నాయి, చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో. ఒత్తేదో, దీర్ఘమేదో, ‘ల’ ఏదో ‘ళ’ ఏదో తేల్చుకునేలోగా తాళం దాటిపోతుంది. పైగా కళ్ళు ఫోనుకి అతుక్కుంటే గడ్డం గుండెకి ఆనుతుంది, గొంతు నొక్కుకుంటుంది. మాటలు నోటికి రావాలి. తెర మరుపుకి తోడుగా ఉంటే చాలు.

అయినా ఎక్కడో తప్పుతారు. ట్రాకు ఆగదు కాబట్టి పోయిన పంక్తిని వెతకకండి. పదిమందిలో ఇద్దరే గమనిస్తారు, వాళ్ళు కూడా మీ మొహం చూసి. ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు పాట మధ్యలో కావాలని ఆగిపోయి, తర్వాతి పంక్తిలో కలవడం అలవాటు చేసుకోండి. మధ్యలో వచ్చే బిట్టు ఎన్ని తాళాలో, ఏ వాయిద్యం ముగిశాక రెండో చరణం ఎత్తుకోవాలో గుర్తుపెట్టుకోండి. చాలామంది మొదటిసారి తడబడేది అక్కడే: వేణువు ఆగుతుంది, అందరూ చూస్తుంటారు, చరణం మాత్రం ఒక తాళం ముందే మొదలైపోయి ఉంటుంది.