ట్రాక్టర్‌కు ఆయిల్ మార్చుదాం

అక్కా! మీ ఇంట్లో ట్రాక్టర్ ఉందా? దాని కోసం అప్పు తీసుకున్నారా? అప్పు కాగితం మీద మీ సంతకం కూడా ఉందా? అయితే ఆ బండి బాగోగులు మీకూ తెలియాలి.

దమ్ము చేసే రోజుల్లో ఇంజను పట్టేసిందనుకోండి. పని ఆగిపోతుంది. రిపేరుకు డబ్బు కావాలి. కిస్తీ మాత్రం ఆగదు. ఆయిల్‌ను సరిగా చూసుకోకపోతే ఇంజను పట్టేస్తుంది.

"అది మగవాళ్ళ పని. నీకెందుకు?" అంటారు. అంకెలు చదవడం వచ్చిన వాళ్ళకు ఇందులో సగం పని వచ్చినట్టే.

ఆయిల్ ఎందుకు?

రెండు చేతులు గట్టిగా రుద్దండి. వేడెక్కుతాయి. నూనె రాసుకుని రుద్దండి. చేతులు జారతాయి. అంత వేడి పుట్టదు.

ఇంజనులో ఇనుప భాగాలు ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతాయి. మధ్యలో ఆయిల్ ఉంటే అరిగిపోవు. ఆయిల్ వేడిని లాగుతుంది. మసిని, ఇనుప రజనును తనలో కలుపుకుంటుంది. కొన్నాళ్ళకు ఆ ఆయిలే చెడిపోతుంది. అప్పుడు మార్చాలి.

డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ కూడా తొందరగా నల్లబడుతుంది. నలుపు చూసి భయపడొద్దు. కానీ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. అప్పుడు బండి నడపకండి. మెకానిక్కును పిలవండి.

ఎప్పుడు మార్చాలి?

స్టీరింగు ముందు గంటల మీటరు ఉంటుంది. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో అది చెబుతుంది. కొన్ని మీటర్లలో చివరి అంకె వేరే రంగులో ఉంటుంది. అది గంటలో పదో వంతు. అంటే 6 నిమిషాలు. దాన్ని లెక్కలో కలపకండి.

చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఆయిల్ మార్చాలి. కొన్నింటికి ఇంకా ఎక్కువ గంటలు ఉంటాయి. బండితో పాటు ఇచ్చిన పుస్తకం చూడండి. అందులో ఉన్న అంకే మనకు లెక్క.

గ్యారంటీ ఉన్న కొత్త బండికి కంపెనీ సర్వీసులోనే మార్పించండి. బిల్లు దాచండి.

ఏ ఆయిల్ కొనాలి?

డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. కంగారు వద్దు. అంకెలు చూడండి. 15, 40 అనో, 20, 40 అనో ఉంటాయి. మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనం. రెండోది వేడెక్కినప్పటి చిక్కదనం. పుస్తకంలో ఉన్న అంకెలూ, అక్షరాలూ డబ్బా మీద కూడా అట్లాగే ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

గేరు ఆయిల్ వేరు. దాని మీద 80, 90, 140 లాంటి అంకెలు ఉంటాయి. దాన్ని ఇంజనులో పోయకూడదు. సీలు ఉన్న డబ్బానే కొనండి. కొత్త ఫిల్టరు కూడా తెచ్చుకోండి.

ఎలా మార్చాలి?

మొదటిసారి తెలిసిన వాళ్ళను పక్కన ఉంచుకోండి.

1. బండిని చదును నేల మీద ఆపండి. వెనక కట్టిన గొర్రును కిందికి దించండి. బ్రేకు వేయండి. చక్రాలకు రాళ్ళు పెట్టండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

2. కొంగు దోపుకోండి. జుట్టు ముడి వేసుకోండి. ఇంజను కాసేపు నడిపి ఆపండి. తాళంచెవి తీసేయండి. గోరువెచ్చని ఆయిల్ బాగా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది.

3. ఇంజను అడుగున బోల్టు ఉంటుంది. దాని కింద వెడల్పు బేసిన్ పెట్టండి. సరిపోయే పానాతో బోల్టు విప్పండి. చుక్కలు ఆగేదాకా ఉంచండి. బోల్టు తుడవండి. దానికి ఇనుప ముక్కలు అంటుకుని ఉంటే మెకానిక్కుకు చూపించండి. వాషరు చూసి బోల్టు మళ్ళీ బిగించండి.

4. పాత ఫిల్టరు తీయండి. దాని రబ్బరు రింగు ఇంజనుకు అంటుకుని ఉండిపోకూడదు. కొత్త రింగుకు కొంచెం కొత్త ఆయిల్ రాయండి. ఫిల్టరును చేత్తో బిగించండి.

5. గరాటు పెట్టి పైనుంచి ఆయిల్ పోయండి. ఎన్ని లీటర్లో పుస్తకంలో ఉంటుంది. ఆయిల్ కొలిచే పుల్లను తీసి తుడవండి. మళ్ళీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే.

6. ఇంజను స్టార్టు చేయండి. ఆయిల్ దీపం కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజను ఆపండి. అడుగున కారుతుందేమో చూడండి. ఇంజను ఆపి కాసేపాగి మళ్ళీ పుల్లతో కొలవండి.

పాత ఆయిల్ జాగ్రత్త!

ఈ మడ్డి ఆయిల్‌లో విష పదార్థాలు ఉంటాయి. బావి దగ్గర, కాలవలో, పొలంలో పారబోయొద్దు. మనం తాగే నీళ్ళు పాడవుతాయి. పశువుల పుళ్ళకు రాయొద్దు. పొయ్యిలో పోయొద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించి శుద్ధికి పంపే వాళ్ళకు ఇవ్వండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

రాసుకోండి

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, మీటరు అంకె, ఎన్ని లీటర్లు, ఎంత ఖర్చు రాయండి. మెకానిక్కు చేత మార్పించినా రాయండి. "ఆయిల్ మార్చి చాలా రోజులైంది" అని ఎవరైనా అంటే పుస్తకం తీసి చూపించండి. అవసరం లేని ఖర్చు తప్పుతుంది. అవసరమైన పని మరుపున పడదు.

లెక్క చెప్పండి

ఆయిల్ మార్చిన రోజు మీటరు 860. మళ్ళీ 250 గంటలకు మార్చాలి. ఈరోజు మీటరు 1095. ఇంకా ఎన్ని గంటలు ఉన్నాయి?

లెక్క కట్టారా? ఇప్పుడు మీ బండి దగ్గరకు వెళ్ళండి. మీటరు మీరే చదవండి.