సున్నతో భాగహారము - త్రికోణమితిలో దాని చిక్కులు

గణితమున సున్న కూడికకు వచ్చును, తీసివేతకు వచ్చును, గుణకారమునకును వచ్చును. భాజకముగా మాత్రము పనికిరాదు. ఈ నియమమును చిన్న తరగతులలో వల్లించిన విద్యార్థులే పెద్ద తరగతులకు వచ్చిన పిదప టాన్ 90° విలువ యెంత యని యడిగినచో, కొందరు సున్న యనియు, కొందరు ఒకటి యనియు, మరికొందరు అనంతమనియు వ్రాయుచుందురు. తెలిసిన లెక్కకే మార్కులు పోవును. అంతకన్న నష్టమేమనగా, కారణ మెరుగక వల్లించిన నియమము పై తరగతులలో అవధుల పాఠమునకు అడ్డు తగులును. కావున ఆ కారణమును మన తెలుగు మాటలలో వివరింపదలచితిమి. ఇంటివద్ద పిల్లల చదువును గమనించు తల్లిదండ్రులకును ఇది ఉపకరించునని మా యాశ.

12ను 3చే భాగించిన 4 వచ్చును. ఏలయన, 4ను 3చే గుణించిన మరల 12 వచ్చును. భాగహారమునకు గుణకారమే సాక్షి. ఇక 5ను సున్నచే భాగింప యత్నింపుడు. ఏ సంఖ్యను సున్నచే గుణించినను సున్నయే వచ్చును గాని 5 రాదు. కావున 5/0 అనుదానికి విలువ లేదు. సున్ననే సున్నచే భాగింపబోయిన చిక్కు వేరు. 1 × 0 = 0; 7 × 0 = 0; 100 × 0 = 0. ఏ సంఖ్యను చెప్పినను సాక్ష్యము సరిపోవును. అందుచే ఏ యొక్కదానిని ఉత్తరముగా నిర్ణయింప వీలులేదు. మొదటిదానికి సమాధానమే లేదు. రెండవదానికి సమాధానము తేలదు. ఈ భేదమును విద్యార్థులు గట్టిగా పట్టుకొనవలెను.

ఈ విషయమున మన పూర్వులును ఏకాభిప్రాయులు కారు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున సున్నను సున్నచే భాగించిన సున్న వచ్చునని చెప్పెను. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున సున్నచే భాగింపబడిన సంఖ్య మార్పు చెందదనెను. ఈ గ్రంథమునే తరువాత పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చి, గణితము చెప్పుటకు మన భాష చాలునని చూపెను. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు సున్న హారముగా గల రాశికి ‘ఖహర’మని పేరిడి, దానిని అనంతరాశిగా భావించెను. ఇంతటి మహనీయులే మూడు విధములుగా చెప్పినచోట విద్యార్థి తడబడుట వింత కాదు. నేటి సామాన్య గణితము సున్నతో భాగహారమును నిర్వచింపక విడిచిపెట్టినది.

ఇప్పుడు టాన్ 90° చూతము. సైన్‌ను కాస్‌చే భాగింపగా వచ్చునది టాన్. 90° వద్ద సైన్ 1, కాస్ 0. కావున 1/0 ఏర్పడును. దానిని అనంతమనిన తప్పేమి యని కొందరడుగుదురు. టాన్ 89° సుమారు 57.29, టాన్ 89.9° సుమారు 572.96, టాన్ 89.99° సుమారు 5729.58. ఈ పెరుగుదలకు అంతు లేదు, నిజమే. కాని 90° దాటి 91° వద్ద చూచిన, విలువ సుమారు −57.29. ఒక వైపున ధనముగా పెరుగుచు, మరియొక వైపున ఋణముగా తరుగుచు పోవుదానికి ఒక్క విలువ నెట్లు కట్టగలము? కావున ‘నిర్వచితము కాదు’ అని వ్రాయుటయే సరి. కాట్ 90°కు మాత్రము చిక్కు లేదు: కాస్‌ను సైన్‌చే భాగించిన 0/1, అనగా సున్న.

ఇక 0/0 సంగతి. కోణమును ‘క’ యనుకొని (1 − కాస్² క)/(1 − కాస్ క) అను భిన్నమును తీసికొందము. క = 0° అయిన 0/0 వచ్చును; అచ్చట ఈ భిన్నమునకు విలువ లేదు. కాని క సున్నకు మిక్కిలి చేరువగా నుండియు సున్న కానప్పుడు హారము సున్న కాదు. అప్పుడు లవమును (1 − కాస్ క)(1 + కాస్ క) గా విడదీసి, సమాన భాగములను కొట్టివేయవచ్చును. మిగులునది 1 + కాస్ క. క సున్నను సమీపించిన కొలది ఇది 2ను సమీపించును. ఈ 2నే ‘అవధి’ యందురు. మన చుట్టుపట్ల తమిళమున దీనిని ‘ఎల్లై’ యందురు. పొలమునకు మనము చెప్పు ‘ఎల్ల’తో దానికి చుట్టరికము కలదు. ఎల్లను సమీపించుట వేరు, ఎల్లపై నిలుచుట వేరు.

కొట్టివేయునది సున్న కారాదను జాగ్రత్త ఏల? 0 × 1 = 0 × 2 అనునది సత్యమే. ఇరువైపుల సున్నను కొట్టివేసిన 1 = 2 అగును!

0/0 చూడగానే అవధి యింతయని చెప్పరాదు. (1 − కాస్ క)/సైన్ క అనునదియు 0° వద్ద 0/0 యే. లవహారములను 1 + కాస్ క చే గుణించి సూక్ష్మీకరించిన సైన్ క/(1 + కాస్ క) వచ్చును. దాని అవధి సున్న. ఆ భిన్నమునే తలక్రిందులు చేసిన మరల 0/0 యే. కాని దానికి అవధియే లేదు.

సైన్ క/క అను భిన్నమును ఇట్లు విడదీయ వీలులేదు. వ్యాసార్ధము 1 గల వృత్తమున, చిన్న ధనకోణమునకు, సైన్ క కన్న చాపము క పెద్దది. చాపము కన్న టాన్ క పెద్దది. మూడింటిని సైన్ క చే భాగించిన, క/సైన్ క అనునది 1కిని 1/కాస్ క కును నడుమ నుండును. క సున్నను సమీపింపగా 1/కాస్ క కూడ 1ని సమీపించును. కావున నడుమ నున్నదియు 1నే సమీపింపవలెను. ఆర్యభటుడు 499లో ఇచ్చిన జ్యాపట్టికయు దీనికి అనుగుణముగా నున్నది. వ్యాసార్ధము 3438 కళలైనప్పుడు 225 కళల చాపమునకు జ్య 225. 450 కళలకు 449. చాపము చిన్నదైన కొలది జ్య దానితో కలిసిపోవును. అయితే కోణమును రేడియనులలో కొలిచిననే అవధి 1. డిగ్రీలలో కొలిచిన అది సుమారు 0.01745 అగును.

విద్యార్థులు గుర్తుంచుకొనవలసిన క్రమమిది. మొదట విలువను ప్రతిక్షేపింపుడు. హారము సున్న కానిచో లెక్క ముగిసినది. హారము మాత్రమే సున్నయైన, ‘నిర్వచితము కాదు’ అని వ్రాయుడు. రెండును సున్నయైన, ఆ భిన్నమునకు అచ్చట విలువ లేదని తెలిసికొని, ప్రశ్న అవధిని అడిగినదా యని చూడుడు. అడిగినచో సూక్ష్మీకరించి, ‘అవధి’ యను మాటను విడువక సమాధానము వ్రాయుడు. తల్లిదండ్రులు పిల్లలను ఉత్తరమెంత యని గాక, కొట్టివేసినది సున్న కాదని యెట్లు తెలిసినదని ఒక్కమాట యడిగిన చాలును. దానికి బదులు చెప్పగల బాలునికి ఈ పాఠము వచ్చినట్లే.