కంప్యూటరు గుర్తింపని రెండవ డిస్కు

బంగారుపాళ్యము మామిడికాయల మండీలకుఁ బ్రసిద్ధము. అచ్చటి వర్తకుఁ డొకఁడు రైతుల బాకీలెక్కలను కంప్యూటరులోని రెండవ హార్డుడిస్కునందు దాఁచెననుకొందము. ఒకనాఁ డా డిస్కు తెరపైఁ గనఁబడదయ్యెను. లెక్కలు పోయినవని తొందరపడరాదు. కనఁబడకుండుట వేఱు, నశించుట వేఱు.

మొదట యంత్రము నాపి, విద్యుత్తును దొలఁగించి, డిస్కునకుఁ బోవు రెండు తీఁగెలను జూడవలయును. ఒకటి విద్యుత్తును, రెండవది సమాచారమును గొనిపోవును. రెండింటిని ఊడఁదీసి మరల బిగింపవలెను.

పిమ్మట యంత్రము మొదలగునపుడు బయాస్ పట్టికలో డిస్కు పేరున్నదేమో చూడవలయును. లేనిచో మఱియొక తీఁగెతోఁ బరీక్షింపవలెను. అచ్చట నుండియు విండోసునందు మాత్రము లేనిచో, డిస్క్ మేనేజిమెంటులో దాని కొక యక్షరము నొసఁగినఁ దఱచుగాఁ గనఁబడును.

కాని ఫార్మాటు చేయుదునా యని యంత్ర మడిగినచో వలదనుఁడు. అది క్రొత్త డిస్కునకుఁ దగును, లెక్కలున్నదానికి వినాశకరము.

1956లో ఐ.బి.ఎమ్. వెలువరించిన తొలి డిస్కునందు 50 పళ్ళెములు తిరిగెడివి. నేఁటి హార్డుడిస్కునందును దిరుగునవి పళ్ళెములే. కావున టకటక చప్పుడైనచో వెంటనే యాపి నిపుణున కప్పగింపుఁడు.

లెక్కలకు వేఱొకచోట నొక ప్రతి నుంచుఁడు. చిట్టాను, ఆవర్జాను వేఱువేఱుగా వ్రాసికొనిన వర్తకుల కిది క్రొత్త నీతి కాదు.