పాదమునకు తగిన జోడు

పల్నాటి సీమ నాపరాళ్ళకు ప్రసిద్ధము. మాచర్ల, దాచేపల్లి ప్రాంతముల బండలు పెక్కు ఇండ్లలో పరచియుండును. తడికాలితో ఆ బండపై నిలిచి తొలగినచో అడుగుజాడ స్పష్టముగా కానవచ్చును. పాదపు తీరును తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు.

మడమకును మునిపాదమునకును నడుమ జాడ సన్నని పట్టీవలె పడినచో అరికాలి గుంట లోతైనదని యర్థము. సగము వెడల్పున పడినచో సామాన్యపాదము. అంతయు నిండుగా పడినచో చదునుపాదము. చదునుపాదము పరుగులో లోపలికి వ్రాలుననియు, లోతుగుంట గల పాదము తాకిడి నంతగా ఓర్వదనియు చెప్పుదురు. కావున మొదటిదానికి లోపలిప్రక్క గట్టి అట్ట గల జోడును, రెండవదానికి మెత్తని జోడును ఎన్నుకొనుట చిరకాలము వాడుకగా నుండెను.

అమెరికా సైనికాధికారులు ఈ వాడుకను పరీక్షించిరి. శిక్షణకు వచ్చినవారిలో ఒక జట్టునకు పాదపు తీరును బట్టి జోళ్ళనిచ్చిరి. వేరొక జట్టున కందఱకును ఒకే తరహా జోళ్ళనిచ్చిరి. 2009, 2010 సంవత్సరములలో వెలువడిన ఫలితములను చూడగా, గాయములు రెండు జట్లలోను ఇంచుమించు సమానముగనే యుండెను. జాడ పాదమును తెలుపును. జోడును మాత్రము అది యొక్కటియే నిర్ణయింపజాలదు.

అట్లని జోడే అక్కఱలేదనరాదు. పరుగులో అడుగడుగునను దేహభారమునకు రెండు మూడింతల తాకిడి కాలిపై పడును. ఇథియోపియా వీరుడు అబెబె బికిల 1960లో రోము నగరమున ఉత్తకాళ్ళతో మారథాను గెలిచెను. అది సాయంకాలమున మొదలైన పరుగు; రెంటచింతల వేసవిలో మిట్టమధ్యాహ్నపు తారురోడ్డు కాదు! ఆయనయే 1964లో టోక్యోలో జోళ్ళు తొడిగి మరల గెలిచెను.

పోలీసు ఉద్యోగమునకై 1600 మీటర్ల పరుగు సాధన చేయు బాలునికి, మిరపకోత కూలిసొమ్ముతో తండ్రి జోళ్ళు కొనునపుడు, వెలయు రంగును చూచి మోసపోరాదు. పగలంతయు తిరుగుటచే పాదములు కొంచెము ఉబ్బును గనుక సాయంకాలమున కొనుట మేలు. మేజోళ్ళు తొడిగి, రెండు కాళ్ళకును వేసికొని, అంగడి ముందటనే నాలుగడుగులు పరుగెత్తవలెను. పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పు చోటుండవలెను. మడమ జారరాదు, ఎచ్చటను ఒరయరాదు. "వాడగా వాడగా సాగును" అను అంగడివాని మాట నమ్మదగినది కాదు.

మెత్తని అట్ట కొన్ని వందల కిలోమీటర్లకే అణగిపోవును. బల్లపై నుంచినపుడు జోడు ఒకప్రక్కకు ఒరిగినచో దానిని పరుగునకు మాని, బడికి పోవుటకు వాడుకొనవచ్చును.