ఒకటి నొక్కితే... రెండు నొక్కితే...

‘ఫలానా నాయకుడు మీ అభ్యర్థిగా ఉండాలనుకుంటే ఒకటి నొక్కండి...’ 2024 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ఫోన్లు జోరుగా మోగాయి. టికెట్ల కోసం తెలుగుదేశం నమ్ముకున్న ఐవీఆర్‌ఎస్ సర్వే అది. ఒకప్పుడు ఆశావహుడికి టికెట్ లేదని చెప్పడానికి అధినేతలు తంటాలు పడేవారు. ఇప్పుడు ‘సర్వేలో నీ పేరు రావట్లేదు’ అంటే చాలు. ఆ సర్వే కాగితం మాత్రం ఎవరికీ చూపించరు!

సర్వేలు మోసమని కాదు. సరిగ్గా ఏరిన వెయ్యి మందిని అడిగితే మూడు శాతం అటూ ఇటూగా రాష్ట్రం మనసు దొరుకుతుంది. చిక్కంతా ఆ మూడు శాతంతోనే. 2014లో టీడీపీ-బీజేపీ కూటమికీ వైకాపాకీ ఓట్లలో తేడా రెండు శాతం చుట్టూనే; సీట్లు మాత్రం 106, 67. పదేళ్ల తర్వాత అదే వైకాపాకి దాదాపు 39 శాతం ఓట్లొచ్చినా దక్కినవి 11 సీట్లే. ఓట్లను సీట్లుగా మార్చే లెక్క దగ్గరే జోస్యాలు బోల్తా పడతాయి. సర్వే జోస్యాలతో పేరుపడ్డ లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణలో ప్రజాకూటమిదే పైచేయి అన్నారు, టీఆర్‌ఎస్‌కు 88 వచ్చాయి. 2019లో ఆంధ్రలో టీడీపీ అన్నారు, వైకాపాకి 151 వచ్చాయి.

పార్టీలు అసలు తప్పటడుగు వేసేది ఇంకోచోట. 2023 ఆగస్టు 21న తెలంగాణలో కేసీఆర్ ఒకేసారి 115 మంది అభ్యర్థులను ప్రకటించారు; సిట్టింగుల్లో పక్కన పెట్టింది ఏడుగురినే. ఎన్నికల్లో మిగిలింది 39 సీట్లు. కొన్ని నెలలకే ఆంధ్రలో జగన్ సరిగ్గా తిరగేసి చేశారు. పదుల సంఖ్యలో సిట్టింగులను మార్చారు, కొందరిని పక్క నియోజకవర్గాలకు పంపారు. అయినా ఓడారు. ఒకరు ఉంచి, ఒకరు మార్చి చేతులు కాల్చుకున్నారంటే కోపం ఎమ్మెల్యే దగ్గరే ఆగలేదన్నమాట. ‘మీ ఎమ్మెల్యే పనితీరు ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు ఆ కోపం దొరకదు.

పథకం అందిందా అంటే అందిందనే చెబుతారు, అది నిజం కూడా. నా పొలం పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి బొమ్మ ఎందుకన్న మంట ఆ జవాబులో కనిపించదు. పైగా పింఛను తెచ్చే మనిషి ఏ పార్టీ వాడోనన్న అనుమానం ఉన్నచోట, గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడితో ఎవరు మనసు విప్పుతారు? ‘అందరూ మావాళ్లే బాబూ’ అంటారు. అందుకే ఎన్నికల అధ్యయనాలు చేసే సీఎస్‌డీఎస్ పరిశోధకులు నకిలీ బ్యాలెట్ ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమంటారు. ఖర్చూ ఓపికా కావాల్సిన పని అది. మన పార్టీలకు తొందరెక్కువ.

ఈసారి మీ ఇంటికి సర్వే అంటూ ఎవరైనా వస్తే, ఎవరి తరఫున వచ్చారో, మీ ఫోన్ నంబరు ఎందుకు రాసుకుంటున్నారో ముందు మీరే అడగండి. సూటిగా చెప్పకపోతే జవాబివ్వాల్సిన పని లేదు.