పాసుపుస్తకమున పేరు లేని రైతు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి చేలలో ప్రత్తి విచ్చిన దినములలో వేకువనే అటు పోయి చూడుడు. నడుమునకు ఒడి కట్టుకొని, వరుసగా వంగి ప్రత్తి తీయువారు దాదాపుగా అందరును స్త్రీలే. కలుపు తీసినవారును వారే. ఆ ప్రత్తి ఆదోని మార్కెట్టుయార్డునకు చేరిన పిమ్మట మాత్రము చీటిపై తరచుగా పురుషుని పేరే యుండును. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరిలో సైతము, మగ్గమున్న యింట కండెలు చుట్టు చేయి స్త్రీదే. పని యొకరిది, పేరు వేరొకరిది యగుట మనకు క్రొత్త గాదు. అయితే నేడు ప్రభుత్వ ధనము పేరును బట్టియే వచ్చుచున్నది. కావున ఈ సంగతి మన మాలోచింపవలసినదే.

2019లో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. కిసాన్ పథకమును ప్రారంభించి, భూమిగల రైతు కుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా బ్యాంకు ఖాతాలో వేయ నారంభించెను. అదే యేడు రాష్ట్రములో వచ్చిన రైతు భరోసాతో కలిసి ఆ మొత్తము 13,500 అయ్యెను. 2025 ఆగస్టు 2వ తేదీన ఆరంభమైన అన్నదాత సుఖీభవ పథకమున, కేంద్రమిచ్చునది కలుపుకొని, ఏటికి 20,000 రూపాయలని నిర్ణయించిరి. వర్షము నమ్మరాని యీ సీమలో విత్తనములకు, ఎరువులకు ఇది గొప్ప యూరటయే. కాని ఆ ధనము పట్టాదారు పాసుపుస్తకమున ఎవరి పేరున్నదో వారి ఖాతాకే పోవును. 2015-16 వ్యవసాయ గణనము ననుసరించి దేశమందలి కమతములలో నూటికి సుమారు 14 మాత్రమే స్త్రీల నిర్వహణలో నున్నవి.

ఎమ్మిగనూరు చెంత నొక పల్లెనుండి ఒక యిల్లాలు బ్యాంకు పుస్తకమును చదివించుకొనుటకు మా యింటికి వచ్చెను. భర్త గతించి రెండేండ్లాయెను. చేను దున్నించుచున్నది, విత్తించుచున్నది, అప్పు తీర్చుచున్నది ఆమెయే. "అమ్మా, చేను నేనే చేస్తిని గదా, దుడ్లు నాకెందుకు రాలేదు?" అని యడిగెను. పాసుపుస్తకమున నింకను ఆ గతించినవాని పేరే యున్నది. ఆమె కష్టమునకు లోపము లేదు. కాగితమున ఆమె లేదు, అంతే.

1956 నాటి హిందూ వారసత్వ చట్టముచే భర్త మరణానంతరము అతని యాస్తిలో భార్యకు బిడ్డలతో సమానముగా భాగము గలదు. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును మన రాష్ట్రము 1986లోనే చట్టము చేసెను. దేశమంతటికిని అది 2005లో వచ్చెను. హక్కున్నను పుస్తకమున నెక్కింపనిచో ఫలమేమి? మరణ ధ్రువపత్రమును, కుటుంబ సభ్యుల ధ్రువపత్రమును చేర్చి సచివాలయమునగాని మీసేవలోగాని పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను. దుఃఖదినములలో ఈ మాట యెత్తుట అమంగళమని పెద్దలందురు. ఆలస్యమే యసలైన యమంగళము.

ఇక కౌలుచేయువారి దశ మరింత కష్టము. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టముచే వారికి కార్డు లభించును గాని, దానికి భూస్వామి చేవ్రాలు కావలెను. భూమి పోవునేమో యను భయమున పలువు రది చేయరు. కార్డు లేనివాడు అప్పు చేసి పంటవేయును. పంట పోయిన యేడు ఇంటికి తాళమువేసి, ఆలుబిడ్డలతో గుంటూరు సీమకు మిరపకోతల సుగ్గికి పోవును. అప్పుడు మా బడిలో వరుసలే ఖాళీ యగును.

కావున పాఠకసోదరీమణులారా, మీ యింటి పాసుపుస్తకము నొకసారి తెరచి చూడుడు. అందు మీ పేరున్నచో సంతోషము. లేనిచో, సంక్రాంతికి యింటివారందరు కూడినపుడు శాంతముగా ఆ మాట నెత్తుడు. భూమిలేని యింటి సోదరి కౌలుకార్డుకై మీ భర్త చేవ్రాలు కోరి వచ్చినచో, ఆమెపక్షమున నొక మాట చెప్పుడు.